షికాగో: లెక్క కట్టించింది, లెక్కే కూల్చింది
(రేడియో ప్రసంగ పాఠం)



లోకంలో మొట్టమొదటి స్కైస్క్రేపర్ ఎక్కడుందని ఎవరైనా అడిగితే, చాలామంది చూపించే చోటు ఒకటుంది. షికాగో డౌన్‌టౌన్‌లో లసాల్ వీధీ, ఆడమ్స్ వీధీ కలిసే మూల. తీరా అక్కడికి వెళితే మనకి కనిపించేది వేరే భవనం. అసలుది హోమ్ ఇన్సూరెన్స్ బిల్డింగ్. విలియం లెబారన్ జెన్నీ అనే ఇంజనీరు డిజైన్ చేస్తే 1885లో పూర్తయింది. పది అంతస్తులు, 138 అడుగుల ఎత్తు. 1891లో పైన ఇంకో రెండు అంతస్తులు వేశారు. 1931లో కూల్చేశారు. నలభై ఆరేళ్ళకే దానికి నూరేళ్ళు నిండాయన్నమాట.

అది అగ్ని ప్రమాదంలో పోలేదు. యుద్ధంలో పోలేదు. పునాది కుంగి పడిపోలేదు. నిక్షేపంగా నిలబడి ఉన్న భవనాన్ని పడగొట్టి, ఆ స్థలంలో ఇంకా పెద్దది కట్టారు. పోయింది ఇదొక్కటే అయితే చెప్పుకోవలసిన పని లేదు. 1880ల్లోనూ 1890ల్లోనూ ప్రపంచమంతా షికాగో వచ్చి తలెత్తి చూసిన భవనాల్లో చాలా భాగం ఇవాళ ఫొటోల్లోనే ఉన్నాయి.

నేను వృత్తిరీత్యా ఐటీ కన్సల్టెంటుని, చరిత్ర పండితుణ్ణి కాను. అయినా ఆ వీధుల్లో పనిచేసేవాడికి రెండు ప్రశ్నలు రాక మానవు. అంత వేగంగా ఎందుకు కట్టారు? అంత వేగంగా ఎందుకు కూల్చారు? ఈ రెండింటికీ జవాబు ఒకటేనని నాకు అనిపిస్తుంది. ఇవాళ మీతో పంచుకోవాలనుకున్నది అదే.

కథ మంటలతో మొదలవుతుంది. 1871 అక్టోబరు 8 రాత్రి అంటుకున్న నిప్పు 10వ తేదీ దాకా ఆరలేదు. సుమారు 300 మంది చనిపోయారు. లక్ష మందికి నిలువ నీడ లేకుండా పోయింది. డౌన్‌టౌన్ దాదాపు మొత్తం బూడిదైంది. వెంటనే మళ్ళీ కట్టడం మొదలుపెట్టారు. అయితే ఆ మొదటి విడతలో లేచినవి నాలుగైదు అంతస్తుల ఇటుక భవనాలే. 1873లో ఆర్థిక సంక్షోభం వచ్చి ఆ వేగం కూడా తగ్గింది. కాబట్టి "మంటల వల్లే స్కైస్క్రేపర్లు పుట్టాయి" అని టూర్ గైడ్లు చెప్పే మాట సగమే నిజం.

అసలు విజృంభణ 1880ల్లో వచ్చింది. 1870లో సుమారు మూడు లక్షలున్న జనాభా 1880కి అయిదు లక్షలు దాటింది, 1890కి పదకొండు లక్షలకి చేరింది. ఇరవై ఏళ్ళలో మూడున్నర రెట్లు పైమాటే! రైళ్ళు, ధాన్యం, కలప, మాంసం - ఈ వ్యాపారాలన్నిటికీ ఆఫీసులు కావాలి. అందరికీ కావలసింది ఒకే చోట. ఒక పక్క మిషిగన్ సరస్సు, రెండు పక్కల నది, ఇంకో పక్క రైలు యార్డులు. మధ్యలో ఉన్నది చిన్న ముక్క. దాన్నే ఇవాళ లూప్ అంటున్నాం. అడ్డంగా పెరగడానికి చోటు లేనప్పుడు నిలువుగా పెరగక తప్పదు.

అయితే ఎత్తు పెంచడానికి ఎన్నో ఇబ్బందులు. మొదటిది మెట్లు. అయిదో అంతస్తు పైకి ఎవరూ ఎక్కరు, ఎక్కనిచోట అద్దె రాదు. దానికి లిఫ్టు జవాబు చెప్పింది. రెండోది నేల. షికాగో కింద ఉన్నది మెత్తటి బంకమన్ను. గట్టి రాయి తగలాలంటే వంద అడుగులకి పైగా దిగాలి. జాన్ రూట్ అనే ఆర్కిటెక్టు దీనికి ఒక ఉపాయం చేశాడు. రైలు పట్టాల్ని అడ్డంగా నిలువుగా పేర్చి, కాంక్రీటు పోసి, తెప్ప లాంటి పునాది వేశాడు. భవనం బురదమీద తేలుతున్నట్టే లెక్క. 1882లో ఆయన, ఆయన భాగస్వామి డేనియల్ బర్నమ్ కలిసి కట్టిన పది అంతస్తుల మాంటాక్ బిల్డింగ్ ఈ పద్ధతిదే.

మూడోది గోడ. ఈ గోడ సంగతి అర్థం కావాలంటే జాక్సన్, డియర్‌బోర్న్ వీధుల మూలనున్న మొనాడ్నాక్ బిల్డింగ్ చూడాలి. అదృష్టవశాత్తూ అది ఇంకా ఉంది. 1891లో పూర్తయిన ఉత్తర భాగం పదహారు అంతస్తులు. బరువంతా ఇటుక గోడలే మోస్తాయి. అందుకని కింద గోడ మందం ఆరు అడుగులు! ఆ ఆరడుగులకి అద్దె ఎవరిస్తారు? అన్నిటికంటే ఎక్కువ అద్దె పలికే కింది అంతస్తులోనే గోడ స్థలాన్ని మింగేస్తోంది. 1893లో దాన్ని ఆనుకుని కట్టిన దక్షిణ భాగంలో ఉక్కు చట్రం వాడారు. చట్రం బరువు మోస్తుంది, గోడ కేవలం తొడుగు. ఖర్చు తగ్గింది, అద్దెకిచ్చే చోటు పెరిగింది. జెన్నీ హోమ్ ఇన్సూరెన్స్‌లో ఇనుముతో, పై అంతస్తుల్లో ఉక్కుతో చేసి చూపించింది ఈ దిశలో వేసిన పెద్ద అడుగు.

ఇక్కడ గమనించవలసింది ఒకటుంది. మాంటాక్‌నీ మొనాడ్నాక్‌నీ కట్టించిన పీటర్ బ్రూక్స్ ఉన్నది బోస్టన్‌లో. షికాగోలో తన ఏజెంటుకి ఉత్తరాలు రాసి పని నడిపించాడు. గోడకి బయటికి పొడుచుకొచ్చే అలంకారాలేవీ వద్దన్నాడు. ఇవాళ ఆర్కిటెక్చర్ పుస్తకాలు ఆధునిక సౌందర్యం అని మెచ్చుకునే ఆ నున్నటి గోడ వెనక ఒక జమాఖర్చుల మనిషి ఉన్నాడు. రాజుగారి కోటలాగో, గుడి గోపురంలాగో కీర్తి కోసం కట్టినవి కావివి. డాలరు పెడితే ఏడాదికి ఎంత వస్తుందని లెక్క చూసి కట్టినవి. ఆ లెక్కలోంచే గొప్ప కళ కూడా పుట్టింది. అది వేరే ఆశ్చర్యం.

ఆ రోజుల్లో షికాగోకి వచ్చినవాళ్ళకి అన్నిటికంటే వింత స్టేట్, రాండాల్ఫ్ వీధుల మూల 1892లో లేచిన మెసానిక్ టెంపుల్. 302 అడుగులు. నగరంలో అన్నిటికంటే ఎత్తు. నడిమధ్య ఆకాశం దాకా తెరిచినట్టుండే పెద్ద అంగణం, దాని చుట్టూ తొమ్మిది అంతస్తుల దాకా దుకాణాలు, వాటి పైన ఆఫీసులు, ఆ పైన సంఘం వాళ్ళ సమావేశ మందిరాలు. మిద్దె మీద తోట. నిలువుగా నిలబెట్టిన బజారు అనుకోండి. అదే ఏడాది లసాల్, మన్రో మూల ఉమన్స్ టెంపుల్ వచ్చింది. ఫ్రాన్సెస్ విల్లార్డ్ నాయకత్వంలోని మద్యపాన వ్యతిరేక మహిళా సంఘం కోసం కట్టింది. ఈ రెండూ బర్నమ్, రూట్‌లవే. రూట్ మాత్రం వాటిని పూర్తిగా చూసుకోలేదు. 1891 జనవరిలో న్యుమోనియాతో పోయాడు. నలభై ఒక్కేళ్ళు.

ఎత్తు చూసి నగరానికి భయం కూడా వేసింది. 1893లో కొత్త భవనాలు 130 అడుగులు మించరాదని హద్దు పెట్టారు. 1902లో దాన్ని 260 అడుగులకి పెంచారు. 1923లో కొత్త జోనింగ్ నిబంధనలతో ఇంకా ఎత్తైన టవర్లకి దారి ఇచ్చారు. ఈ సంఖ్యలు గుర్తుంచుకోండి. హద్దు పెరిగిన ప్రతిసారీ, పన్నెండు అంతస్తుల పాత భవనం కింద ఉన్న నేల, దానిమీదున్న భవనం కంటే విలువైనదైపోయింది.

ఇప్పుడు కూల్చివేతల సంగతి. ఒక్కసారి ఈ జాబితా వినండి. మాంటాక్ కట్టింది 1882, కూల్చింది 1902. ఉమన్స్ టెంపుల్ 1892 - 1926. టకోమా బిల్డింగ్ 1889 - 1929. మార్షల్ ఫీల్డ్ హోల్‌సేల్ స్టోర్ 1887 - 1930. హోమ్ ఇన్సూరెన్స్ 1885 - 1931. మెసానిక్ టెంపుల్ 1892 - 1939. ఒక్కదానికీ షష్టిపూర్తి జరగలేదు. యాభై కూడా దాటలేదు.

ఇందులో మార్షల్ ఫీల్డ్ స్టోర్ హెచ్. హెచ్. రిచర్డ్‌సన్ అనే మహా ఆర్కిటెక్టు డిజైన్. ఒక బ్లాకు మొత్తం పరుచుకున్న రాతి భవనం. లూయిస్ సల్లివాన్ వంటివాడు దాన్ని చూసి పాఠం నేర్చుకున్నాడు. దాన్ని కూల్చి ఏం చేశారో తెలుసా? పార్కింగ్ స్థలం. మెసానిక్ టెంపుల్ పోయిన చోట వచ్చింది రెండంతస్తుల దుకాణాలు. ఒకప్పుడు నగరంలో అన్నిటికంటే ఎత్తైన చోట రెండంతస్తులు!

దీనికి పేరు కూడా ఉంది. ఇలాంటి పొట్టి కట్టడాల్ని "టాక్స్‌పేయర్" అనేవారు. 1930ల మాంద్యంలో ఆఫీసులు ఖాళీ అయ్యాయి. ఖాళీగా ఉన్నా పెద్ద భవనానికి ఆస్తి పన్ను తప్పదు. కూల్చేసి చిన్నది కడితే పన్ను తగ్గుతుంది, వచ్చే కాస్త అద్దెతో పన్ను వెళ్ళిపోతుంది. మెసానిక్ టెంపుల్‌కి దీనికి తోడు ఇంకో రెండు గండాలు వచ్చాయి. లిఫ్టులు చాలకపోవడం ఒకటి. స్టేట్ వీధి కింద సబ్‌వే తవ్వుతుంటే పునాదులు బలపరచడానికి పెట్టవలసిన ఖర్చు రెండోది. ఆ ఖర్చు రాబట్టుకోగల భవనం కాదు అప్పటికి. ఒకటి మాత్రం మాంద్యంలోనే, కూల్చకుండా, బతికిపోయింది. సల్లివాన్, ఆయన భాగస్వామి డాంక్‌మార్ ఆడ్లర్ కట్టిన ఆడిటోరియం బిల్డింగ్. అది ఎందుకు బతికిందంటే, కూల్చడానికయ్యే ఖర్చు స్థలం విలువకంటే ఎక్కువైంది కాబట్టి! లెక్క ఒక్కోసారి ఇలా కూడా కాపాడుతుంది.

టకోమా విషయం ఇంకా ఆసక్తికరం. దాన్ని కూల్చే సమయంలో భవన యజమానుల జాతీయ సంఘం ఆ భవనం మీదే ఒక అధ్యయనం చేసి ప్రచురించింది. భవనం అరిగిపోవడం కంటే ముందే దానికి "కాలం చెల్లుతుంది" అని చూపించడం వాళ్ళ ఉద్దేశం. ఆదాయపు పన్నులో తరుగుదల లెక్క ఎక్కువ రాసుకోవడానికి ఆ వాదన కావాలి. 1931లో అమెరికా పన్ను శాఖ ఆఫీసు భవనం ఆయుష్షు నలభై ఏళ్ళుగా లెక్కకట్టింది. మా సాఫ్ట్‌వేర్‌లోనూ ఇంతే. పాత సిస్టం పనిచేయక తీసేయడం అరుదు. దాని ఆయువు తీరిందని ఏదో ఒక స్ప్రెడ్‌షీట్‌లో ముందే రాసి ఉంటుంది.

1934లో హోమ్ ఇన్సూరెన్స్ స్థలంలో ఫీల్డ్ బిల్డింగ్ పూర్తయ్యాక లూప్‌లో ఇరవై ఏళ్ళు పెద్ద ఆఫీసు టవర్ ఏదీ లేవలేదు. 1955లో ప్రుడెన్షియల్ బిల్డింగ్‌తో మళ్ళీ మొదలైంది. అదే ఏడాది రిచర్డ్ జె. డేలీ మేయరయ్యాడు. రెండో విజృంభణ వచ్చింది. దానితోపాటు రెండో కూల్చివేతల కాలమూ వచ్చింది. ఈసారి కార్లకి చోటు కావాలి, ప్రభుత్వ కార్యాలయాలకి చోటు కావాలి. పెద్ద గుమ్మటంతో 1905లో కట్టిన ఫెడరల్ బిల్డింగ్ 1965లో పోయింది. అంతకు ముందే పోయింది గ్యారిక్ థియేటర్.

గ్యారిక్ 1892లో ఆడ్లర్, సల్లివాన్ కట్టిన పదిహేడు అంతస్తుల టవర్. లోపల బంగారు రంగు తోరణాలతో నాటకశాల. 1960లో దాన్ని కూల్చి పార్కింగ్ గరాజు కడతామన్నారు. అప్పుడు షికాగోలో ఒక వింత జరిగింది. కొందరు ప్లకార్డులు పట్టుకుని ఒక ఆఫీసు భవనం కోసం వీధిలో నిలబడ్డారు. నగరం కూల్చడానికి పర్మిట్ ఇవ్వలేదు. యజమానులు కోర్టుకి వెళ్ళారు. అందంగా ఉందన్న కారణంతో సొంతదారుని ఆపే చట్టం అప్పటికి లేదు. అప్పీలు కోర్టు పర్మిట్ ఇమ్మంది. 1961లో గ్యారిక్ పోయింది, గరాజు వచ్చింది.

ఆ ప్లకార్డులు పట్టుకున్నవాళ్ళలో రిచర్డ్ నికెల్ ఒకడు. షికాగోలో పుట్టిన ఫొటోగ్రాఫర్. కాలేజీలో ఉండగా ఆడ్లర్, సల్లివాన్ కట్టిన భవనాలన్నిటినీ ఫొటోలు తీసే పని నెత్తికెత్తుకున్నాడు. తీస్తూ తీస్తూ ఉండగానే అవి ఒక్కొక్కటే కూలిపోతున్నాయి. దాంతో ఫొటోలతో ఆగలేదు. కూల్చే చోటికి వెళ్ళి, సుత్తీ ఉలీ పట్టుకుని, గోడలకున్న శిల్పాల్ని విప్పి దాచడం మొదలుపెట్టాడు. గ్యారిక్ ముక్కలు అలా దక్కినవే. వాటిలో కొన్ని ఇవాళ సెకండ్ సిటీ నాటకశాల ముంగిట కనిపిస్తాయి.

1971లో లసాల్, వాషింగ్టన్ మూలనున్న స్టాక్ ఎక్స్‌ఛేంజ్ వంతు వచ్చింది. 1894లో పూర్తయిన పదమూడు అంతస్తుల ఆడ్లర్, సల్లివాన్ భవనం. దాని పునాదిలో ఒక ముచ్చట ఉంది. పక్కింట్లో ఒక పత్రిక ముద్రణ యంత్రాలు నడుస్తున్నాయి. దిమ్మెలు కొడితే ఆ అదురుకి అవి దెబ్బతింటాయని, ఆ వైపు గోడకింద చేత్తో లోతైన బావులు తవ్వి, కాంక్రీటు నింపి నిలబెట్టారు. షికాగోలో పెద్ద భవనాల పునాదులకి తర్వాత అదే దారైంది. అంతటి భవనం. 1968లో ల్యాండ్‌మార్క్ చట్టం కూడా వచ్చింది. కమిషన్ దాన్ని కాపాడమని సిఫారసు చేసింది. నగర సభ కాదంది. కారణం మళ్ళీ లెక్కే. కూల్చనివ్వకపోతే యజమానులకి నష్టపరిహారం ఇవ్వవలసి వస్తుందేమోనని భయం.

కూల్చడం మొదలయ్యాక నికెల్, ఆయన మిత్రుడు జాన్ విన్చీ, మరికొందరు కలిసి లోపలి ట్రేడింగ్ రూమ్‌ను ముక్కముక్కలుగా విప్పి భద్రపరిచారు. ఆ పని అయిపోయాక కూడా నికెల్ వెళ్తూనే ఉన్నాడు. 1972 ఏప్రిల్ 13న ఒంటరిగా వెళ్ళాడు. పై అంతస్తులు కూలి మీద పడ్డాయి. దాదాపు నాలుగు వారాల తర్వాత శవం దొరికింది. నలభై మూడేళ్ళు. పెళ్ళి కూడా నిశ్చయమై ఉంది.

మన తెలుగువాళ్ళు ఊరి నుంచి అమ్మానాన్నలు వస్తే షికాగో ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్‌కి తప్పకుండా తీసుకెళ్తాం. 1893 సెప్టెంబరు 11న స్వామి వివేకానందులు మాట్లాడిన విశ్వమత మహాసభ జరిగింది ఆ భవనంలోనే కదా. మిషిగన్ ఎవెన్యూ వైపు మెట్లమీద ఫొటో దిగి వెనక్కి వచ్చేస్తాం. ఈసారి భవనం వెనకవైపు కూడా వెళ్ళండి. మన్రో వీధి, కొలంబస్ డ్రైవ్ మూల పచ్చికలో ఒక పెద్ద తోరణం ఒంటరిగా నిలబడి ఉంటుంది. అది స్టాక్ ఎక్స్‌ఛేంజ్ సింహద్వారం. వివేకానందులు షికాగో వచ్చిన ఏడాదిలో దాని పని జరుగుతోంది. లోపల మ్యూజియంలో ట్రేడింగ్ రూమ్ ఉంది. 1977 నాటికి దాన్ని అక్కడ మళ్ళీ నిలబెట్టారు. గోడలమీద రంగురంగుల లతలు, పైన రంగుటద్దాలు, పూత పూసిన స్తంభాలు. షేర్ల రేట్లు చూసుకునేవాళ్ళ కోసం ఇంత అందం చేసి పెట్టారా అనిపిస్తుంది. చూసేటప్పుడు, ఆ గది మన కళ్ళముందు ఉండడానికి కష్టపడ్డవాళ్ళలో ఒకడు ఆ భవనం కిందే పోయాడని పిల్లలకి చెప్పండి.

మరి మొనాడ్నాక్, రూకరీ, రిలయన్స్ వంటివి ఎలా మిగిలాయి? జనానికి హఠాత్తుగా జ్ఞానోదయం అయిందనుకోకండి. లెక్క మారింది. 1978లో న్యూయార్క్ పెన్ సెంట్రల్ కేసులో అమెరికా సుప్రీం కోర్టు ఒక తీర్పు చెప్పింది. ల్యాండ్‌మార్క్ అని ప్రకటించి మార్పుల్ని ఆపినంత మాత్రాన, యజమాని భవనాన్ని ఉన్నపాటుగా లాభసాటిగా వాడుకోగలిగితే, నష్టపరిహారం ఇవ్వనక్కర్లేదని. స్టాక్ ఎక్స్‌ఛేంజ్ విషయంలో నగరం భయపడింది సరిగ్గా దానికే. ఆరేళ్ళు ఆలస్యమైంది. తర్వాత 1981లో చారిత్రక భవనాల్ని బాగుచేయించే వారికి ఫెడరల్ పన్నులో ఖర్చుమీద 25 శాతం రాయితీ ఇచ్చారు. 1986లో దాన్ని 20 శాతం చేశారు. నలభై ఏళ్ళకి భవనం చచ్చిపోతుందని రాసిన పన్ను చట్టమే, బతికిస్తే డబ్బిస్తానని అన్నది. రూకరీ 1992లో బాగుపడింది. రిలయన్స్ 1999లో హోటలైంది. మొనాడ్నాక్ యజమానులు 1979 నుంచి పదమూడేళ్ళపాటు, వచ్చిన అద్దెలోంచే కొంచెం కొంచెం ఖర్చుపెడుతూ బాగుచేసుకున్నారు.

అయినా నష్టాలు ఆగలేదు. మంటల మరుసటి ఏడాది, 1872లో కట్టిన మెకార్తీ బిల్డింగ్‌కి ల్యాండ్‌మార్క్ హోదా ఇచ్చి, 1987లో నగరమే ఆ హోదా తీసేసింది. బ్లాకు 37 అనే ఆ చోట కూల్చివేతలు 1990 నాటికి అయిపోయాయి. 2009లో అక్కడ మాల్ తెరిచేదాకా, ఏళ్ళ తరబడి నడిబొడ్డున ఖాళీ స్థలం. చలికాలంలో పిల్లలు స్కేటింగ్ చేసుకునేవారు.

ఇదంతా గడిచిపోయిన కథ కాదు. 2020 తర్వాత లసాల్ వీధిలో ఆఫీసులు ఖాళీ అయ్యాయి. మన ఐటీ వాళ్ళు ఇంటినుంచి పనిచేయడం కూడా అందులో ఒక కారణం. 2022లో నగర ప్రభుత్వం ఆ వీధిలోని పాత ఆఫీసు భవనాల్ని అపార్ట్‌మెంట్లుగా మార్చే పథకం ప్రకటించింది. నగరం సాయం తీసుకునేవాళ్ళు 30 శాతం ఇళ్ళు తక్కువ ఆదాయం వాళ్ళకి అందే అద్దెకివ్వాలి. ఆ పథకంలో వచ్చిన ప్రతిపాదనల్లో రెండు చూడండి. ఒకటి హోమ్ ఇన్సూరెన్స్‌ని పడగొట్టి కట్టిన ఫీల్డ్ బిల్డింగ్. రెండోది స్టాక్ ఎక్స్‌ఛేంజ్‌ని పడగొట్టిన చోట 1975లో లేచిన టవర్. ఓడలు బళ్ళవుతాయి, బళ్ళు ఓడలవుతాయి అంటారే, అదే. అద్దె ఎక్కువ వస్తుందని పాతవాటిని మింగినవే, ఆఖరికి అద్దెకి వచ్చేవాళ్ళు లేక కొత్త పని వెతుక్కోవలసి వచ్చింది. అంత పెద్ద టవర్‌ని ఇళ్ళుగా మార్చగలిగినప్పుడు, పదమూడు అంతస్తుల స్టాక్ ఎక్స్‌ఛేంజ్‌ని కూడా మార్చగలిగేవారు కదా అని ఎవరికైనా అనిపిస్తుంది.

కాబట్టి నేను చెప్పదలుచుకున్నది ఇంతే. షికాగో భవనాల్ని కూల్చింది దుర్మార్గులు కాదు. లెక్క చూసుకున్న మామూలు మనుషులు. ఆ లెక్క ఆ ఏడాదికి ఒప్పే. కానీ భవనం వందేళ్ళది, లెక్క ఒక ఏడాదిది. పన్ను, అద్దె, పర్మిట్ - వీటి నియమాలు రాసేది మనం ఓటేసి పంపినవాళ్ళు. షికాగో ల్యాండ్‌మార్క్ కమిషన్ సమావేశాలు బహిరంగంగా జరుగుతాయి. ఎవరైనా వెళ్ళి మాట్లాడవచ్చు, ఉత్తరం రాయవచ్చు. ఇళ్ళు కొనుక్కుని, ఆస్తి పన్ను కడుతూ, పిల్లల్ని ఇక్కడే పెంచుతున్నాం మనం. ఈ ఊరు మనది కూడా. మీరు పనిచేసే భవనం ఎప్పుడు కట్టారో, అంతకుముందు అక్కడ ఏముండేదో ఒకసారి కనుక్కోండి. ముందు అక్కడినుంచి మొదలుపెడదాం.